అరవై అన్న చెయ్యి

నమ్మరు కదూ? నమ్మకండి. నేనింకా నోరు తెరవనేలేదు, అప్పుడే నమ్మనని మొహం మీద అచ్చేసుకుని కూర్చున్నారు. సరే, పందెం. ఇప్పుడు నేను చెప్పబోయేదాంట్లో ఒక్క అబద్ధం, గోరంతది, పట్టుకోండి చూద్దాం. ఈ స్టోర్‌రూములో ఉన్న ప్లాస్టిక్ కుర్చీలన్నీ పేర్చి నెత్తిన పెట్టుకుని హాలు చుట్టూ మూడుసార్లు తిరుగుతాను. డెబ్భై ఒకటో ఏట. ఈ మోకాళ్లతోనే.

పట్టుకోలేకపోతే ఏమిటంటారా? నా షరతు ఒకటుంది. అది ఆఖర్న చెప్తాను.

ముందు ఆ తలుపు వెయ్యండి సార్. బయట ఆ హారను గొంతు వినిపిస్తుంటే నాకు మాట తిన్నగా రాదు. "తాత మోసం! తాత మోసం!" ఇందాకట్నించి ఒకటే మోత. ఆ మనిషికి హారను అని పేరు పెట్టింది కూడా నేనే. పెట్టినందుకు అనుభవించాలిగా మరి.

హమ్మయ్య.

మీరు ఈ పోటీకి పెద్ద జడ్జి, నేను ముద్దాయిని. ఒప్పుకున్నాను. కానీ ముద్దాయికైనా మంచినీళ్లిస్తారండీ! మీరేమో నీళ్లకి బదులు బల్ల మీద అయిదు కట్టలు పెట్టారు. నల్ల తొడుగులు తొడిగిన అయిదు కార్డు కట్టలు. కొన్నిట్లో అరవై ముక్కలున్నాయట. కొన్నిట్లో ఒకటి తక్కువట. ఒకదాంట్లో ఒకటి ఎక్కువట. నేను అరచేతిలో పెట్టుకుని ఏది ఎంతో చెప్పాలట.

పరీక్ష! నాకు!

ఏమిటీ, సూటిగా చెప్పమంటారా? నలభై నిమిషాల్లో ఫైనలు ఉందా? ఉందండీ, నాకు తెలీదా? ఆ ఫైనల్లో కూర్చోవలసింది నేనేగా. మీ రూళ్ల పుస్తకం ప్రకారమే!

నలభై ఒక్క ఏళ్లు బైండింగు పని చేసిన చెయ్యి సార్ ఇది. నాతోపాటు ప్రెస్సుకొచ్చిన మెషీన్లు తుప్పు పట్టి పాతసామాన్లకి పోయాయి. నేను పోలేదు. దస్తా కాగితం ఇలా బొటనవేలు మీద నుంచి జారిస్తే చాలు, ఇరవై నాలుగున్నాయా, ఇరవై మూడున్నాయా చెప్పేసేవాణ్ణి. ఒకసారి లారీడు కాగితం వచ్చింది. లారీడంటే లారీడే! కిందకి దింపనివ్వలేదు నేను. టైర్ల వైపు ఓసారి చూసి, "ఓనరు గారూ, దీంట్లో మూడు షీట్లు తక్కువున్నాయండీ" అన్నాను. ఆయన పడీపడీ నవ్వాడు. నలుగుర్ని పెట్టి తొమ్మిది రోజులు లెక్కపెట్టించాడు. ఎన్ని తగ్గాయంటారు?

నాలుగు.

ఆ నాలుగోది, లెక్కపెట్టినవాళ్లలో ఒకడు టిఫిను పొట్లం కట్టుకోవడానికి చింపాడు. తర్వాత ఒప్పుకున్నాడు లెండి.

నవ్వకండి.

ఈ ఆట సంగతికొస్తే, మీ అందరికంటే ముందు ఈ బొమ్మల ముక్కల్ని ముట్టుకున్నవాణ్ణి నేను. మా ప్రెస్సులోనే అచ్చయ్యేవి మొదట్లో. అచ్చు తప్పిన షీట్లు చించి పారెయ్యమని నా చేతికిచ్చేవారు. చించుతానా? కోసి, మూలలు గుండ్రంగా చేసి, మధ్యాహ్నం అన్నాలయ్యాక జిగురు డబ్బాల మీద కూర్చుని ఆడేవాళ్లం. నా సింహానికి మొహం ఉండేది కాదు, మేనేజరు సింహానికి రెండుండేవి. అయినా గెలుపు నాదే.

ఇక్కడ నన్నెవరూ పేరు పెట్టి పిలవరు. తక్కెడ తాత అంటారు. ఎందుకో మీకు తెలిసినా చెప్తాను, ఎందుకంటే చెప్పడం నాకిష్టం. ఆటకి ముందు ఎవరి కట్ట వాళ్లు కలిపి ఎదుటివాళ్ల చేతికివ్వాలి కదా. ఎదుటివాళ్లు లెక్క చూసుకోవచ్చు. అరవై ఉండాలి, ఒకటి తగ్గకూడదు, ఒకటి పెరక్కూడదు. అందరూ బల్ల మీద పదేసి ముక్కలు కుప్పలు పోసుకుంటూ కూర్చుంటారు. నేనో? ఇలా అందుకుని, అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, రెండుసార్లు మెల్లిగా ఆడించి, "అరవై! పక్కా!" అంటాను. పక్క బల్లలవాళ్లు ఆట ఆపి మరీ చూస్తారు. కొత్తగా వచ్చినవాళ్లు ఫోన్లు తీస్తారు. నేను చిత్తుగా ఓడిపోయిన రోజున కూడా ఆ చప్పట్లు మాత్రం నావే.

ఇక ఇవాళ్టి సంగతి.

సెమీఫైనలు. నా ఎదురుగా అంబులెన్సు నడిపే అమ్మాయి. డ్యూటీ దిగి తిన్నగా వచ్చింది, ఆ యూనిఫాంలోనే. కూర్చుంటూనే, "తాతా, అటో ఇటో తొందరగా తేల్చెయ్. పొద్దున్నించి సైరను విని విని బుర్ర వాచిపోయింది" అంది.

"ఎప్పుడో తేలిపోయిందమ్మాయ్. నీ బండి తాళాలు తీసుకుని లేవడమే తరువాయి" అన్నాను.

"లేస్తాలే. నిన్ను కూడా పడుకోబెట్టి తీసుకెళ్తాను. స్ట్రెచరు ఖాళీగానే ఉంది" అంది.

అబ్బ! నోరంటే అదీ. అలాంటి నోటితో ఆడితే ఓడినా కడుపు నిండుతుంది.

మొదటి ఆట తనది. రెండోది నాది. ఎలా గెలిచాననుకున్నారు? తన కట్టలో ఇనుప కాకి అని ఒక ముక్కుంది. అది బల్ల మీద వాలిందంటే ఎదుటివాడి పని సరి. వాలించింది. నేను మూడు ఎత్తుల నుంచి చేతిలో దాచుకున్న వశీకరణం తీసి వేశాను. తెలుసుగా, దాంతో ఎదుటివాళ్ల ముక్కని ఆ ఆట అయ్యేదాకా లాక్కుని మన వైపు పెట్టుకోవచ్చు. తన కాకితో తననే పొడిపించాను. మూడు పోట్లు! "ఛీ, నేను పెంచిన కాకే నా కన్ను పొడిచింది" అని చేతులెత్తేసింది.

గెలిచిన ఊపులో నా వైపున్న ముక్కలన్నీ ఊడ్చుకున్నాను. నా తొడుగులూ నల్లవే, తనవీ నల్లవే. గుమ్మం దగ్గర కొట్లో ఇవాళ నలుపు తప్ప వేరే రంగు లేదు మరి. కాకి నా ముక్కల మధ్య, నా వైపే కూర్చునుంది. నాతో వచ్చేసింది. ఆట అవగానే ఎవరి ముక్క వాళ్లకిచ్చెయ్యాలి. నేనివ్వలేదు, తనడగలేదు. అంతే. నాది అరవై ఒకటి, తనది యాభై తొమ్మిది.

మూడో ఆటకి కట్టలు మార్చుకున్నాం. తను నాది ఓసారి కోసి తిరిగిచ్చేసింది. నేను తనది అందుకున్నాను, కళ్లు మూసుకున్నాను. "అరవై! పక్కా!" చప్పట్లు పడ్డాయి. మీరు కూడా విన్నారు, ఆ చివర నిలబడి.

ఆట మొదలైంది. తొమ్మిదో ఎత్తుకి ముక్క తీశాను. చూస్తే కాకి! తన కాకి, నా చేతిలో, నా మొహంలోకి చూస్తోంది.

అప్పుడు నేనేం చేశానో అది చెప్పరేం ఎవరూ? ఆ ముక్కని చూసింది లోకంలో నేనొక్కణ్ణి. నోరు మూసుకుని చేతిలో అట్టే పెట్టుకుంటే ఎవడికి తెలుస్తుంది? ఆట నా వైపే మొగ్గుంది కూడా. చెయ్యెత్తాను. ఎత్తి, "జడ్జీ!" అని ఒక్క కేక పెట్టాను. వీధి చివర ట్రాఫిక్ ఆగిపోయిందట. ముక్కని బల్ల మీద వెల్లకిలా పెట్టి, "ఇది ఈ అమ్మాయిది. నా దాంట్లో దూరింది" అన్నాను. అన్నానా, లేదా? గుమ్మడికాయల దొంగెవరో ఎవరూ అడక్కముందే నా అంతట నేను నిలబడ్డాను సార్. భుజాలు తడుముకోలేదు.

మీరొచ్చారు. పుస్తకం తిప్పారు. కట్టలో ముక్క తక్కువైతే ఆట పోయినట్టే, కాబట్టి అమ్మాయి ఆట పోయింది. నాది ఎక్కువైంది గానీ, తప్పు నా నోటితో నేనే బయటపెట్టాను గనక హెచ్చరికతో సరి. గెలుపు నాది, ఫైనలు నాది.

అమ్మాయి కాకిని తీసుకుంది, తొడుగు మీద నా వేలిముద్ర తుడుచుకుంది, పెట్టెలో పెట్టుకుంది. తిట్టినా బాగుండేది.

ఆ తిట్టేది హారను తిట్టాడు. అదే అంబులెన్సులో పక్క సీటు కదా, పౌరుషం పొడుచుకొచ్చింది. కుర్చీ ఎక్కి మరీ, "ఆగండాగండి! తక్కెడ తాత చెయ్యి ఏనాడైనా తప్పిందా? ఒక్క ముక్క తేడా ఉన్నా పట్టేస్తానని రోజూ చెప్తాడుగా! మరి యాభై తొమ్మిదిని పట్టుకుని అరవై ఎలా అన్నాడు? తెలిసే అన్నాడు! తక్కువని తెలిసి, నోరు మూసుకుని, సగం ఆటలో జడ్జిని పిలిచి పిల్లని ముంచాడు!" అన్నాడు.

ఏం తర్కం సార్! నాకే చప్పట్లు కొట్టాలనిపించింది. హాలంతా నా వైపు తిరిగింది. అవే మొహాలు. అరగంట కిందట నా చేతికి చప్పట్లు కొట్టిన ఆ చేతులే ఇప్పుడు నన్ను చూపిస్తున్నాయి.

దానికి మీ మందు ఈ పరీక్ష. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఈ అయిదూ సరిగ్గా చెప్పాననుకోండి, నా చెయ్యి మంచిదే, అంటే ఇందాక నాకు తెలుసు, అంటే మోసగాణ్ణి. మెడపట్టి గెంటుతారు, ఫైనలుకి అమ్మాయి వెళ్తుంది. తప్పు చెప్పాననుకోండి, పాపం ముసలాడికి తెలీదు, నిజాయితీపరుడు, ఫైనలు వాడిదే. లోకంలో ఎక్కడైనా ఉందా ఇది? గురి తగిలితే శిక్ష, తప్పితే బహుమతి!

పైగా తప్పు చెప్పడం ఎంతసేపు? అరవైని పట్టుకుని అరవై రెండంటే అయిపోయె. ఆ మాత్రం మీకు తోచలేదా? తోచింది. తోచే పెట్టారు. ఈ ముసలాడు కోతలరాయుడు, ప్రాణం పోయినా తప్పు చెప్పడు, గొప్పకి పోయి సరిగ్గా చెప్పి తనంతట తనే చిక్కుతాడు అనుకున్నారు. అవునా?

చెవి లాక్కోకండి సార్. ఇందాకట్నించి ఆ ఎడమ చెవి తమ్మెతో మీకేం పగో గానీ, ఎర్రబడిపోయింది.

బాగానే లెక్కేశారు. నా సంగతి మీకెంత బాగా తెలుసు!

ముట్టుకుంటాను, ఉండండి. పారిపోతున్నానా? ముట్టుకునే ముందు ఒకటి వినండి. ఈ చెయ్యేమిటో తెలియాలిగా.

పంతొమ్మిదేళ్ల కిందటి మాట. అప్పుడు ఈ హాలెక్కడిది? సైకిలు షాపు మీద మేడ. మెట్లెక్కుతుంటే గ్రీజు వాసన, పైన ఒకటే ఫ్యాను, అది తిరిగితే ముక్కలెగురుతాయని దాన్నీ ఆపేసేవాళ్లం. ఆ రోజు ఆఖరి రౌండులో నా ఎదుట ఒకడు. ఇరవై రెండు, ఇరవై మూడుంటాయి. సన్నగా, పొడుగ్గా, చొక్కా హ్యాంగరుకి తగిలించినట్టు ఉండేవాడు. ఎత్తు వెయ్యడానికి ఒక యుగం. పైకప్పు చూసేవాడు, నేల చూసేవాడు, తన ముక్కలనే ముందెప్పుడూ చూడనట్టు చూసేవాడు. మేమంతా నత్త అనేవాళ్లం. మొహం మీదే అనేవాళ్లం, పాపం ఏమీ అనుకునేవాడు కాదు. అనుకోవాలన్నా టైము పట్టేది.

ఆ రౌండు గెలిస్తే నత్త పై పోటీకెళ్తాడు. ఓడితే ఈ ముక్కలన్నీ అమ్మేసి బుద్ధిగా ఉద్యోగం చూసుకుంటానని వాళ్లక్కకి మాటిచ్చి వచ్చాడు. ఆ అక్క మెట్ల మీదే కూర్చునుంది, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, మాట నిలబెట్టించడానికి.

కట్ట నా చేతికిచ్చాడు. అరచేతిలో పెట్టుకున్నాను.

పెట్టీ పెట్టగానే తెలిసిపోయింది. ఎలా తెలిసిందంటే చెప్పలేను. చీకట్లో మెట్లు దిగుతూ ఇంకో మెట్టుందనుకుని కాలేస్తే, అది ఉండదు చూడండి, అప్పుడు ఒళ్లంతా ఒక్కసారి ఝల్లుమంటుందే, అలాగ. యాభై తొమ్మిది.

రూలేమిటి? జడ్జిని పిలవాలి. పిలిస్తే నత్త పని అయిపోయె. మెట్ల మీద అక్క లేచి బ్యాగు భుజాన వేసుకోవడమే.

నేను చేతిరుమాలు కిందపడేశాను. బల్ల కిందకి వంగాను. ముక్క అక్కడే ఉంది, వాడి కుర్చీ కాలి పక్కన, బోర్లా. రుమాల్లో పట్టుకుని పైకి తెచ్చి, కట్ట అడుగున పెట్టి, "అరవై! పక్కా! ఇంకోసారి కలుపు నాయనా" అన్నాను. వాడు చూశాడు. నేను వాడి కళ్లలోకి చూశాను. వాడు కట్ట అందుకుని ఇంకోసారి కలిపాడు.

తర్వాతేమైందో తెలుసా? రెండు గంటల పది నిమిషాలు నన్ను నానబెట్టి, ఉతికి, ఆరేశాడు! గెలిచాడు వెధవ! కనీసం మొహమాటానికైనా ఒక్క ఎత్తు తప్పు వెయ్యొచ్చుగా? వెయ్యలేదు. నాకదే నచ్చింది.

ఇంతవరకూ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చూడండి నా తెలివి! టైర్లు చూసి కాగితాలు లెక్కపెట్టానని ఊరంతా చెప్పుకునేవాణ్ణి, నిజంగా చేసిన గొప్ప ఒక్కటుంటే దాన్ని పంతొమ్మిదేళ్లు కడుపులో దాచుకున్నాను. చెప్తే వాడి ఆట చెడుతుందని.

అరే, పెన్ను పడింది. ఉండండి ఉండండి, నేను తీస్తాను. కుర్చీ కాలి పక్కనే ఉంది.

ఇదిగోండి.

ఇప్పుడు తేండి మీ కట్టలు. ఇది... అరవై. పక్కా. ఇది... ఇదీ అరవై. ఇది? అరవై. ఇది కూడా. ఆఁ, ఇదీ అంతే. అయిదూ అరవయ్యే.

విప్పి చూసుకోండి, నాకేం తొందర లేదు.

ఎన్ని తప్పాయి? మూడా?

అంటే ఇప్పుడు కావాలని తప్పు చెప్పానంటారు. ఫైనలు కోసం నాటకమాడుతున్నానంటారు. అనండి. నేనైనా అదే అంటాను. నాలాంటివాణ్ణి నమ్మితే నమ్మినవాడిదే తప్పు.

అయితే ఇది చూడండి. నా చొక్కా కాలరుకి గుచ్చుకున్న ఈ సూది బైండింగు సూది. పని మానేసినా ఇది మానలేదు, అలవాటు. ఇది నా కుడి బొటనవేలు. వేలు కాదు, నా మొహం చూడండి. మొహం! కనురెప్ప కదిలిందా? ఇంకా లోపలికి...

కూర్చోండి సార్, కూర్చోండి! దూదీ వద్దు, డాక్టరూ వద్దు. కొంచెం రక్తమే కదా. నాకూ చూస్తేనే తెలుస్తోంది, మీకు తెలిసినట్టే.

రెండేళ్లయింది. షుగరు. మొదట కాళ్లకొచ్చింది, కాళ్లదేముంది, కాళ్లతో ఎవడాడతాడు? తర్వాత చేతులకొచ్చింది. కనిపెట్టింది మా ఆవిడ. టీ గ్లాసు పట్టుకుని పేపరు చదువుతున్నాను.

"ఏమండీ, ఆ గ్లాసు కింద పెట్టండి."

"ఎందుకే?"

"పొగలు కక్కుతోందండీ! మీ వేళ్లు చూసుకోండి!"

చూస్తే బొబ్బలు. నాకేమీ తెలీలేదు. ఆవిడ ఏడుస్తుంటే, "చూశావా, నా చెయ్యి నిప్పునైనా పట్టుకుంటుంది" అన్నాను. "మీ గొప్పలు తగలెయ్య" అని ముక్కు చీదుకుంటూ మందు రాసింది. అప్పట్నించి నా చొక్కా బొత్తాలు ఆవిడే పెడుతుంది. బయటికెవరికీ చెప్పకే అన్నాను. చెప్పలేదు. "చెప్తే పోయేదేముందండీ, చప్పట్లేగా" అని మాత్రం ప్రతి పోటీ రోజూ ఆఖరి బొత్తాం పెడుతూ అంటుంది. ఇవాళా అంది.

డాక్టరు దగ్గరికెళ్తే పిన్నుతో గుచ్చి, "తెలుస్తోందా?" అన్నాడు. ఆయన చేతివైపు చూసి, గుచ్చినప్పుడల్లా "ఆఁ, భేషుగ్గా" అన్నాను. ఆయన తక్కువవాడా? నా కళ్లకి అట్టముక్క అడ్డం పెట్టాడు. "ఇప్పుడు?" "ఆఁ, చుర్రుమంది." "నేనింకా గుచ్చలేదు పెద్దాయనా" అన్నాడు.

మరి రెండేళ్లుగా అరవై ఎలా చెప్తున్నానంటారా? ఇదీ అసలు రహస్యం. అందరి దగ్గరా అరవయ్యే ఉంటాయి సార్! పోటీకొచ్చేవాడు ఎవడు ముక్క తక్కువ పెట్టుకొస్తాడు? కళ్లు మూసుకుని అరవై అంటే చాలు, రాయి చేత పలికించినా తప్పదు. రెండేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. ఇవాళ తప్పింది.

ఇక్కడితో ఆగితే ఇది ముసలాడి డాబు. ఎవరికీ నష్టం లేదు, నవ్వుకుని పోదురు.

ఇంకోటుంది. అది హారను కూడా చూడలేదు.

మూడో ఆటకి ముందు ఆ అమ్మాయి తన కట్ట తనే లెక్కపెట్టుకుంటోంది. ప్రతి ఆటకీ పెట్టుకుంటుంది. బండి తీసేముందు లోపలి సామానంతా లెక్క చూసుకునే మనిషి కదా, చేతికి అలవాటు. రెండు కుప్పలైపోయాయి, మూడో కుప్ప పోస్తోంది. నేను చెయ్యి చాపాను. "నేనుండగా నీకెందుకమ్మాయ్ ఆ తిప్పలు? ఇటియ్యి" అన్నాను.

ఇచ్చేసింది. నవ్వుతూ ఇచ్చింది. "నీ త్రాసుకేం తిరుగుందిలే తాతా" అని కూడా అంది.

చప్పట్ల కోసం తీసుకున్నాను సార్. ఇంకో మూడు కుప్పలు పోసుకోనిచ్చి ఉంటే ఒకటి తగ్గిందని తనకే తెలిసేది. "నా కాకేదీ?" అనేది. నేను నాలుక్కరుచుకుని ఇచ్చేసేవాణ్ణి. కట్టింకా ఎదుటివాడి చేతికి రాలేదు గనక మీ పుస్తకం కూడా ఏమీ అనేది కాదు. తన లెక్క తనని చేసుకోనివ్వకుండా అడ్డం పడింది ఈ చెయ్యి. పనికిరాని చెయ్యి. ముక్క దొంగిలించలేదు గానీ, ఇదేం తక్కువా?

జాలిపడకండి! ఆ మొహం నాకొద్దు. దానికంటే హారను తిట్లే నయం.

రాసుకోండి. ఒకటి. ముక్క తక్కువని నాకు తెలీదు. అంటే నేను మోసగాణ్ణి కాను, అంటే గెలుపు నాదే. నాదైన గెలుపుతో నేనేం చేసుకుంటానో అది నా ఇష్టం. ఫలితం కాగితం మీద నేనింకా సంతకం పెట్టలేదు. పెట్టేదాకా ఆటగాడు ఏ క్షణాన్నైనా ఓటమి ఒప్పుకోవచ్చని మీ పుస్తకంలో ఉంది. నలభై మూడో పేజీ, కింద నుంచి ఆరో వరస. వెతక్కండి, ఆ పుస్తకం కుట్టింది కూడా నేనే. ఒప్పుకుంటున్నాను. ఫైనలుకి అంబులెన్సు అమ్మాయి.

ఏమిటీ? ఊరికే తప్పుకుంటే తప్పు చేశాడు గనకే తప్పుకున్నాడంటారా? అంటారు. ఆ హారను రేపట్నించి అదే పాట. అందుకే రెండోది కూడా రాయండి. రాసి, ఫైనలుకి ముందు హాల్లో నిలబడి అందరికీ చదవండి. తక్కెడ తాత వేళ్లు రెండేళ్ల కిందటే చచ్చిపోయాయి. ఆయన అరవై అంటే నమ్మకండి. ఎవరి ముక్కలు వాళ్లు లెక్కపెట్టుకోండి.

చదువుతున్నంతసేపూ గుమ్మం దగ్గరే నిలబడతాను. తల దించుకుంటాననుకుంటున్నారేమో, దించను. చెప్తున్నా.

ఇప్పుడు నా షరతు. మూడోది.

లారీ కాదు సార్, తోపుడుబండి. టైర్లు చూడలేదు, చేత్తోనే చూశాను. తొమ్మిది రోజులు కాదు, ఒక పూట. ఆ కుర్చీలు తర్వాత మోస్తాను, పక్కన పెట్టండి. కానీ సైకిలు షాపు మేడ మీద నేను తూచిన యాభై తొమ్మిది మాత్రం నిజం. అది కూడా చదవాలి. అది లేకుండా రెండోది చదివితే ఏమంటారు? ఈ ముసలాడి చెయ్యి మొదట్నించీ బూటకమే అంటారు. రెండేళ్లు బూటకమంటే పడతాను. నలభై ఒక్క ఏళ్లూ బూటకమంటే ఊరుకోను.

సాక్షి లేకుండా రాయకూడదా? బాగుంది, రూలు రూలే. సాక్షి ఉన్నాడు సార్. బతికే ఉన్నాడు, నిక్షేపంలా ఉన్నాడు, కొంచెం పొట్ట కూడా వచ్చింది. ఆ రోజు గెలిచాడుగా, ఆట మానలేదు. ఇప్పుడు తనే నల్ల చొక్కా వేసుకుని, పుస్తకం చంకన పెట్టుకుని, అందరి ముక్కలూ లెక్క చూస్తున్నాడు. ఈ సంగతి బయటికొస్తే అతనికి ఇబ్బందే. ఈయనే ముక్క తక్కువతో ఆడబోయాడట, ఎవడో చాటుగా ఎత్తిచ్చాడట, ఈయనా మనకి న్యాయం చెప్పేది అంటారు. అంటే అననీ. నన్ననడం లేదూ?

నేను నా పది వేళ్లూ ఆ హాలు ముందు పెడుతున్నాను. అతను ఒక్క మాట పెట్టలేడా?

ఆ చెవి వదిలెయ్ నాయనా, ఊడి చేతికొస్తుంది. పంతొమ్మిదేళ్లయినా ఆ అలవాటు పోలేదే నీకు! పెన్ను తీసుకో. ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది. నీకది ఒక ఎత్తుకి కూడా చాలదు, తెలుసు. అయినా రాయి.

సాక్షి పేరు అన్నచోట రాయి. నత్త.